కజిన్సు నాటకాలు, పుదుచ్చేరి లేఖలు

ఐరిష్ నాటకకర్త అనగానే మనవారికి ముందుగా బెర్నార్డు షా జ్ఞాపకం వస్తాడు. ఇంకొంచెం లోనికి పోయినవారికి యేట్సు, సింగు జ్ఞాపకం వస్తారు. మన బళ్ళారి రాఘవ ఇంగ్లండు వెళ్ళి షాతో మాట్లాడివచ్చిన ముచ్చటను నాటకాభిమానులు నేటికీ చెప్పుకొంటారు. కాని డబ్లిన్ నగరంలో నాటకాలు వ్రాసి, వేషాలు కట్టి, నలువదిరెండేండ్ల వయస్సున మనదేశానికి వచ్చి, మదనపల్లెలో విద్యార్థులకు పాఠాలు చెప్పి, ఆ మదనపల్లెలోనే 1956 ఫిబ్రవరి 20వ తేదీన కన్నుమూసిన ఐరిష్ నాటకకర్త ఒకరున్నారు. వారి పేరు జేమ్స్ హెన్రీ కజిన్సు. తెలుగుగడ్డను ఇంటిగా చేసికొన్న ఈ నాటకకర్తను మనలో తలచుకొనేవారు బహుకొద్దిమంది.

కజిన్సు పేరు సాహిత్యచరిత్రలో నిలిచినది తన నాటకాలవల్ల కాదు, ఒక సమీక్షవల్ల. ఆ సమీక్ష ఆయన వ్రాసినది కూడా కాదు. ఆయన పుస్తకాన్ని ముందుంచుకొని పుదుచ్చేరిలో శ్రీ అరవిందులు మొదలుపెట్టినది. అది రెండున్నరేండ్లకు పైగా సాగి, ముప్పదిరెండు అధ్యాయాల గ్రంథమైనది. ఇది ఎట్లా జరిగినదో తెలిసికొనవలెనంటే కజిన్సు నాటకాలు మాత్రం చదివితే చాలదు, శ్రీ అరవిందుల గ్రంథం మాత్రం చదివినా చాలదు. అటు యేట్సు లేఖలు, ఇటు పుదుచ్చేరి లేఖలు, పత్రికల పాతసంచికలు, పోగొట్టుకొని దొరికించుకొన్న వ్రాతప్రతులు, అన్నింటినీ ఒకచోట పెట్టుకొని చూడవలసి ఉన్నది.

కజిన్సు 1873లో బెల్ఫాస్టు నగరంలో జన్మించినారు. ఉత్తర ఐర్లండులోని ఆ నగరం ఓడల నిర్మాణానికి పేరుపొందినది. కవిత్వానికి అంతగా కాదు. 1897లో ఆయన డబ్లిన్ చేరుకొన్నారు. అప్పటికి అక్కడ ఐరిష్ జాతీయసాహిత్యోద్యమం ఉప్పొంగుతున్నది. యేట్సు, లేడీ గ్రెగరీ పాతగాథలను తవ్వి తీస్తున్నారు. జార్జి రస్సెల్ అనే కవి ‘ఏ.ఇ.’ అన్న రెండక్షరాల మారుపేరుతో అధ్యాత్మకవితలు వ్రాస్తున్నాడు. ఫ్రాంక్ ఫే, విలియం ఫే అనే అన్నదమ్ములకు నటన వచ్చును, చిన్నసమాజమొకటి ఉన్నది, కాని చేతిలో మంచి నాటకం లేదు. ఏ.ఇ. దగ్గర ‘డీర్డ్రె’ నాటకమున్నది, ఆడేవారు లేరు. ఈ ఇరుపక్షాలనూ కలిపినవారు కజిన్సు. దాని ఫలితంగా 1902 ఏప్రిల్‌లో ఏ.ఇ. ‘డీర్డ్రె’, యేట్సు ‘కేథ్లీన్ నీ హూలిహాన్’ ఒకే వేదికమీద ప్రదర్శింపబడినవి. తర్వాత అబ్బీ థియేటరుగా లోకప్రసిద్ధి పొందిన రంగస్థలానికి పునాదిరాళ్ళలో ఆ ప్రదర్శన ఒకటి. పునాదిలో పడిన రాయి పైకి కనబడదు గదా!

ఆ యేడు అక్టోబరు చివర కజిన్సు నాటకాలు కూడా ఆ సమాజమే ఆడినది. ఒకటి ‘ది స్లీప్ ఆఫ్ ది కింగ్’. కాన్ల అనే రాజకుమారుణ్ణి దేవకన్య తన లోకానికి పిలుచుకొనిపోయే పాతగాథ, పద్యనాటకం. రెండవది ‘ది రేసింగ్ లగ్’. లగ్గు అనేది ఒకరకం తెరచాపపడవ. పందెపుపడవ చుట్టూ, ఉత్తరతీరపు బెస్తకుటుంబం చుట్టూ అల్లిన చిన్న విషాదనాటకం. ఇది వచనంలో ఉన్నది, ఆ పల్లెవారి పలుకుబడిలో ఉన్నది. సముద్రం మీద బ్రతికేవారిని సముద్రమే మింగిన కథను సింగు ‘రైడర్స్ టు ది సీ’ అనే నాటకంగా వ్రాసి 1904లో రంగానికెక్కించి అజరామరం చేసినాడు. సింగు ప్రతిభ ముందు కజిన్సు నాటకం చిన్నదే, సందేహం లేదు. ఐనా బెస్తవారి ఇంటిలోని చావును ఉన్న మాటల్లో చెప్పవచ్చునని డబ్లిన్ వేదికమీద అంతకు ముందుగా చూపించినది కజిన్సు అన్న సంగతి మరువదగినది కాదు.

తరువాతి కథ అంత సుఖకరమైనది కాదు. కజిన్సు ‘సోల్డ్’ అనే ప్రహసనం వ్రాసినారు. సమాజం దానిని ఆడదలచినది. యేట్సు అడ్డుపడినాడు. తాము నిర్మిస్తున్న జాతీయనాటకశాలలో ఇటువంటి చౌకబారు హాస్యానికి చోటు లేదని అతని పట్టు. ప్రదర్శన ఆగిపోయినది. ఆ రోజుల్లో లేడీ గ్రెగరీకి వ్రాసిన లేఖలో కజిన్సువల్ల ఇక ఆశ లేదనీ, అతణ్ణి ఎంత త్వరగా శత్రువుల లెక్కలో వేసికొంటే అంత మేలనీ యేట్సు భావం. ఈ లేఖ నేడు అచ్చులో ఉన్నది. నాటకం చదివి నచ్చలేదనుకోవడం వేరు, నాటకకర్తను ఇట్లా త్రోసివేసిన మనస్సును చూడడం వేరు. లేఖ దొరకకుంటే చరిత్రకారుడు “అభిప్రాయభేదాలు వచ్చినవి” అని ఒక వాక్యంతో దాటవేసి ఉండేవాడు.

యేట్సుది తప్పనను. నాటకశాలకు కాపలా ఉన్నవాడు కఠినుడుగా ఉండవలసినదే. ఐతే ఆ మాట తర్వాత కజిన్సు ఐరిష్ రంగస్థలంలో ఎదగలేదు. బడిలో భూగోళం చెప్పుకొన్నారు, కవితలు వ్రాసినారు. 1903లో ఆయన వివాహమాడిన మార్గరెట్ స్త్రీల ఓటుహక్కు కోసం జైలుకు వెళ్ళివచ్చిన ధీర. దంపతులిద్దరూ దివ్యజ్ఞానసమాజపు సభ్యులు, శాకాహారులు. 1915లో అనీబిసెంటు పిలుపు మీద మదరాసు చేరుకొన్నారు. మన గురజాడ కన్నుమూసిన సంవత్సరమూ అదే.

కజిన్సు మదరాసులో ‘న్యూ ఇండియా’ పత్రికలో సాహిత్యవిభాగం చూచేవారు. 1916 ఈస్టరు పండుగనాళ్ళలో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగినది. నాయకులను కాల్చిచంపినారు. వారిలో కవులున్నారు. కజిన్సు వారిని మెచ్చుతూ పత్రికలో వ్రాసినారు. యుద్ధకాలం, బ్రిటిషు ప్రభుత్వం. ఆ వ్రాత కారణంగా కొలువు పోయినది. అట్లా పోయిన కొలువే ఆయనను అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దివ్యజ్ఞానకళాశాలకు పంపినది. తరువాత ఆయన ఆ కళాశాలకు అధ్యక్షులైనారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు అక్కడికి వచ్చి ‘జనగణమన’ పాడడం, అక్కడే దానిని ఇంగ్లీషులోకి తామే అనువదించడం, మార్గరెట్ దాని స్వరాన్ని వ్రాసిపెట్టడం తెలుగువారందరికీ తెలిసిన కథ. నేను దానిని మళ్ళీ విస్తరించను. అందరికీ తెలిసిన ఆ కథ చాటున తెలియని కథ ఒకటి ఉండిపోయినది. అది అంతకు రెండేండ్ల ముందటిది.

1917లో మదరాసు గణేశ్ అండ్ కంపెనీవారు కజిన్సు వ్యాససంపుటి ఒకటి ప్రకటించినారు. పేరు ‘న్యూ వేస్ ఇన్ ఇంగ్లిష్ లిటరేచర్’, అనగా ఆంగ్లసాహిత్యంలో క్రొత్తదారులు. అప్పటికి మన కళాశాలల్లో ఇంగ్లీషు కవిత్వమంటే టెన్నిసన్‌తోను, బ్రౌనింగుతోను ముగిసిపోయేది. ఆ తర్వాతివారిని, అందులోను ఐరిష్ కవులను, చదివినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారు. కజిన్సు ఆ కవులతో కలిసి తిరిగినవారు, వారి నాటకాల్లో వేషం కట్టినవారు. కనుక ఆయన చెప్పినది గ్రంథస్థమైన పాండిత్యం కాదు, ఇరుగుపొరుగు పరిచయం. మరొక విశేషం. తనను శత్రువుల లెక్కలో వేసిన యేట్సు కవిత్వాన్ని కజిన్సు ఆదరంతోనే వివరించినారు. విమర్శకుడికి ఉండవలసిన మొదటి గుణం నాకు అక్కడ కనబడుతున్నది.

ఆ పుస్తకం పుదుచ్చేరి చేరినది.

ఆనాటి పుదుచ్చేరి ఎటువంటిదో ఒక్కమాట చెప్పవలె. ఫ్రెంచివారి ఏలుబడిలోని చిన్నపట్టణం. సముద్రం ఒకప్రక్క, మిగిలిన మూడుప్రక్కలా బ్రిటిషు ఇండియా. సుబ్రహ్మణ్యభారతి 1908లోనే అక్కడ తలదాచుకొన్నాడు. 1910 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ అరవిందులు ఓడ దిగినారు. ఆ తర్వాత వ.వే.సు. అయ్యరు వచ్చినాడు. బ్రిటిషు గూఢచారులు వీరి గడపలు కనిపెట్టి ఉండేవారు. ఇటువంటి ఊరిలో, ఫ్రాన్స్వా మార్టిన్ వీధి ఇంటిలో, శ్రీ అరవిందులు 1914 ఆగస్టు 15 నుండి ‘ఆర్య’ అనే మాసపత్రిక నడిపినారు. నెలకు అరువదినాలుగు పుటలు. ఇంచుమించు అన్నీ తామే వ్రాసేవారు. ‘ది లైఫ్ డివైన్’ ఒక ప్రక్క, యోగసమన్వయం మరొక ప్రక్క, ఉపనిషత్తుల వ్యాఖ్యలు ఇంకొక ప్రక్క, అన్నీ నెలనెలా ధారావాహికంగా సాగేవి. నేరుగా టైపుయంత్రం మీదనే వ్రాసేవారు. ఇంత బరువు మోస్తున్న మనిషి ఒక వ్యాససంపుటికి సమీక్ష వ్రాయడానికి పూనుకొన్నారంటే పుస్తకంలో ఏదో తీగ తగిలి ఉండవలె.

1917 డిసెంబరు సంచికలో మొదటి భాగం వచ్చినది. భారతదేశంలో ప్రథమశ్రేణి సాహిత్యవిమర్శ అచ్చుకావడం అరుదు, ఈ పుస్తకం అట్టి అరుదైనది అన్న మెప్పుతో ఆరంభం. ఐతే నాలుగుపుటలు తిరగకముందే సమీక్ష సమీక్షగా ఉండడం మానివేసినది. ఏ.ఇ. కవిత్వాన్ని గూర్చి చెబుతూ కజిన్సు, రానున్న కవిత్వం మంత్రానికి చేరువ కావచ్చునన్న సూచన చేసి ఉన్నారు. శ్రీ అరవిందులను పట్టినది ఆ మాట. మంత్రమంటే ఏమి? ఋషి కానివాడు కావ్యం వ్రాయలేడన్న మన ప్రాచీనుల మాట క్రొత్తకాలంలో ఎట్లా నిజమౌతుంది? ఛందస్సు, శైలి, దర్శనం, ఈ మూడూ పరాకాష్ఠను అందుకొని ఏకమైనచోట మంత్రం పుట్టుతుందని చెప్పి, ఆ కొలమానంతో ఛాసర్ మొదలు విట్మన్, కార్పెంటర్, రవీంద్రుడు, యేట్సు, ఏ.ఇ. వరకు ఇంగ్లీషు కవితాచరిత్రనంతా కొలిచినారు. 1920 జూలై వరకు ఆ ధారావాహిక సాగినది. అదే ‘ది ఫ్యూచర్ పొయెట్రీ’, భావికవిత్వం.

ఇక్కడ ఒక చిత్రమున్నది. పుదుచ్చేరిలో శ్రీ అరవిందులకు ఆధునిక ఆంగ్లకవుల పుస్తకాలు సమృద్ధిగా అందుబాటులో లేవు. క్రొత్త ఐరిష్ కవుల పంక్తులకు ఆయన కజిన్సు ఉదాహరించినవాటిమీద ఆధారపడవలసివచ్చినది. అనగా డబ్లిన్‌లో పుట్టిన పద్యం మదనపల్లె అధ్యాపకుని వ్యాసంలో ఎక్కి, మదరాసులో అచ్చుపడి, పుదుచ్చేరి చేరి, అక్కడ మంత్రకవితకు నిదర్శనమైనది. గ్రంథాలయాలు నిండుగా ఉన్నవారు ఈ సంగతి ఆలోచింపవలె. కజిన్సు పుస్తకం తమకు ఆరంభబిందువు మాత్రమేననీ, తక్కినదంతా తమకు పూర్వమే ఏర్పడిఉన్న కళాదృష్టినుండి వచ్చినదనీ శ్రీ అరవిందులు అటుతర్వాత స్పష్టంచేసినారు. అది నిజమే. దీపం వెలిగించిన పుల్ల దీపం కాదు. కాని ఆ పుల్ల గీయకుంటే ఆ దీపం ఆనాడు, ఆ రూపంలో, వెలిగేది కాదు.

ఆ యిద్దరి సంబంధం ఒక పుస్తకంతో తీరలేదు. 1918లో కజిన్సు ‘ది రినైజాన్స్ ఇన్ ఇండియా’ ప్రకటించినారు. ఆ పేరుతోనే శ్రీ అరవిందులు ఆ సంవత్సరం ఆగస్టునుండి నవంబరువరకు ఆర్యలో నాలుగు వ్యాసాలు వ్రాసినారు. భారతదేశంలో జరుగుతున్నదానికి ఐరోపా పునరుజ్జీవనంతో పోలిక సరిగా కుదరదనీ, దానికంటే ఐర్లండులోని కెల్టిక్ ఉద్యమం దగ్గరి పోలిక అనీ వారి నిర్ణయం. మేల్కొన్న జాతి తన ఆత్మకు తగిన క్రొత్త అభివ్యక్తిని వెదకికొనడం ఆ రెండుచోట్లా కనబడుతున్నదని వారి భావం. ఆంగ్లేయుల నీడలో చాలాకాలం అణగి, తన పురాగాథలలోనికి తిరిగి చూచుకొన్న దేశం ఐర్లండు. కందుకూరినుండి రాయప్రోలువరకు మన నవ్యసాహిత్యచరిత్ర వ్రాసేవారు లండను వైపే కాక డబ్లిన్ వైపు కూడా చూడవలెనని నాకు తోస్తున్నది. లండను మనకు నేర్పినది. డబ్లిన్ మనవలెనే నేర్చుకొన్నది.

అదే యేడు మన హైదరాబాదు కుర్రవాడు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ తొలి కవితాసంపుటి ‘ది ఫీస్ట్ ఆఫ్ యూత్’ వెలువడినది. ముందుమాట కజిన్సు వ్రాసినారు, సమీక్ష శ్రీ అరవిందులు ఆర్యలో వ్రాసినారు. ఇరువదేండ్లవాని మొదటి పుస్తకానికి ఇంతకంటే మంచి పురుడు ఉంటుందా? ఆ హరీంద్రనాథే తర్వాత నాటకాలు వ్రాసి, ఆడి, పాడి, 1930 తర్వాతి దశకంలో కొంతకాలం పుదుచ్చేరి ఆశ్రమంలో ఉన్నాడు.

నేను ముఖ్యంగా చెప్పదలచిన లేఖకు ఇప్పుడు వస్తున్నాను. 1915లో శ్రీ అరవిందుల పద్యసంపుటి ‘అహన’ వెలువడినది. అందులోని కవితలను గూర్చి కజిన్సు వ్రాసినారు, మెచ్చినవి మెచ్చినారు. కాని కొన్ని తాత్త్వికకవితలవిషయంలో మొగమాటపడలేదు. ఇందులో తత్త్వమున్నది, కవిత్వం లేదు అన్న అర్థం వచ్చేటట్లు చెప్పినారు. చెప్పిన వ్యక్తి దేశానికి క్రొత్త. చెప్పించుకొన్నవారు దేశమంతా చేతులెత్తి మ్రొక్కుతున్నవారు. ఏండ్లు గడచిన తర్వాత ఆశ్రమవాసులతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల్లో ఈ ప్రసంగం వచ్చినది. శ్రీ అరవిందులు ఏమన్నారు? తమకు ఆ విమర్శ నొప్పి కలిగించలేదన్నారు. తమ పూర్వకవిత్వంలో ఎక్కడ ఆలోచన ఆలోచనగానే మిగిలిపోయినదో, ఎక్కడ అది దర్శనంగా మారలేదో కొలుచుకొనడానికి అది సాయపడినదన్నారు. పొగడ్తకంటే ఆ మాటే ఉపకరించినదన్నారు.

ఈ లేఖను యేట్సు లేఖ ప్రక్కన పెట్టి చూడండి. అక్కడ కజిన్సు విమర్శకు గురియైనవారు, ఇక్కడ విమర్శించినవారు. రెండూ ప్రతికూలవాక్యాలే. ఒకటి నాటకకర్తను నాటకశాలనుండి బయటకు నెట్టినది. రెండవది కవిని తన కవిత్వంలోనికే మరింత లోతుగా పంపినది. తేడా చెప్పినదాని కాఠిన్యంలో ఉన్నదా, వినినవాని మనస్సులో ఉన్నదా? కొంత అక్కడ, కొంత ఇక్కడ అని నా ఉద్దేశం. యేట్సు మనిషిని గూర్చి తీర్పు చెప్పినాడు. కజిన్సు పద్యాన్ని గూర్చి చెప్పినారు. మన పత్రికల్లో నేడు పుస్తకసమీక్ష పేరిట వచ్చేదానిలో ఎక్కువభాగం ఈ రెండూ కాదు. పెండ్లిపిలుపుకు జవాబువంటి మర్యాద మాత్రం.

శ్రీ అరవిందులు కూడా నాటకకర్తయే అన్న సంగతి చాలామంది మరచిపోతారు. పూర్తిచేసిన పద్యనాటకాలు ఐదు. ‘పెర్సియస్ ది డెలివరర్’ 1907లో వందేమాతరం పత్రికలో వచ్చినది. ‘రోడోగూన్’, ‘ది విజియర్స్ ఆఫ్ బసోరా’ పుదుచ్చేరికి రాకమునుపటివి. ‘ఎరిక్’, ‘వాసవదత్త’ పుదుచ్చేరిలో వ్రాసినవి. ఇందులో ‘పెర్సియస్’ తప్ప తక్కినవేవీ ఆయన బ్రతికుండగా అచ్చుకాలేదు. ‘వాసవదత్త’ కథ మనకు చిరపరిచితం. భాసుని స్వప్నవాసవదత్త తిరువనంతపురంలో గణపతిశాస్త్రి వెలికితీసి అచ్చువేసిన కొలది కాలానికే, 1915 ప్రాంతంలో, శ్రీ అరవిందులు కథాసరిత్సాగరాన్ని ఆశ్రయించి ఉదయన వాసవదత్తల ప్రణయాన్ని నాటకం చేసినారు. ఒక్కసారి వ్రాసి ఊరుకొనలేదు, మరల మరల తిరగవ్రాసినారు. 1957లో గాని అది పుస్తకం కాలేదు.

‘బసోరా మంత్రులు’ కథ ఇంకా వింతైనది. అరేబియన్ నైట్సు నుండి తీసిన హాస్యరసప్రధానమైన నాటకమది. 1908 మే నెలలో అలీపూరు బాంబుకేసుకై శ్రీ అరవిందులను నిర్బంధించినప్పుడు పోలీసులు ఇల్లు సోదా చేసి కాగితాలన్నీ మూటకట్టుకొనిపోయినారు. ఆ మూటలో ఈ నాటకం పోయినది. శ్రీ అరవిందులు నిర్దోషిగా విడుదలైనారు, కాగితాలు తిరిగి రాలేదు. నాటకకర్త దానిపై ఆశ వదలుకొన్నారు. దశాబ్దాలపాటు సర్కారు దస్త్రాల నడుమ, బాంబుల తయారీకి సంబంధించిన సాక్ష్యాల ప్రక్కన, బసోరా నగరపు బానిసపిల్లా, మంత్రికుమారుడూ పడిఉన్నారు. ఎట్టకేలకు దొరికి 1959లో అచ్చైనది. అప్పటికి కర్త గతించి తొమ్మిదేండ్లు. రచయితల కాగితాలను భద్రపరచినవారిలో బ్రిటిషు పోలీసులను కూడా చేర్చవలసివచ్చినందుకు నవ్వవలెనో, ఏడ్వవలెనో తెలియదు.

ఈ నాటకాలు చదువుకొనడానికి మనోహరమైనవి. వేదికమీద నిలుస్తవా అంటే నాకు సందేహం. షేక్స్పియరు కాలపు మాటతీరు, ఆ కాలపు పద్యపు నడక వానిలో గాఢంగా ఉన్నవి. పాత్రలు మాట్లాడుతున్నప్పుడు మనం వినేది కవికంఠం. షేక్స్పియరు బలం ప్రాణశక్తిని రూపుకట్టించడంలో ఉన్నదని భావికవిత్వంలో అంత చక్కగా చెప్పిన విమర్శకుడు, తన నాటకాల్లో ఆ ప్రాణశక్తికంటే దాని భాషను ఎక్కువగా పట్టుకొన్నాడని నాకనిపిస్తుంది. రంగస్థలం అడిగేది ఏది అంటే, నేను కజిన్సు బెస్తవారి మాటే అంటాను. పద్యం ఎంత గొప్పదైనా నటుని నోట పలుకు కావలె. కన్యాశుల్కం వ్రాసిన జాతివారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కజిన్సు తాను మాత్రం భారతదేశానికి వచ్చిన తర్వాత ఆ బెస్తవారి దారి విడిచిపెట్టినారు. 1919లో మీరాబాయి కథను ‘ది కింగ్స్ వైఫ్’ అనే పద్యనాటకంగా వ్రాసినారు. 1942లో అడయారునుండి వెలువడిన ‘ది హౌండ్ ఆఫ్ ఉలాద్’ తిరిగి ఐరిష్ వీరగాథలదే. నడుమ టోకియో కెయియో విశ్వవిద్యాలయంలో కొంతకాలం అధ్యాపకత్వం, మైసూరు జగన్మోహన ప్రాసాదంలోను, తిరువాన్కూరులోను చిత్రశాలలు నిలపడం, మళ్ళీ 1933నుండి కొన్నేండ్లు మదనపల్లె కళాశాల ఆధిపత్యం. పనులు పెరిగినకొద్దీ నాటకం వెనుకబడినది. ‘జయరాం’ అన్న హిందూనామం కూడా స్వీకరించినారు. 1950లో మదరాసునుండి దంపతులిద్దరూ కలిసి వ్రాసిన ఆత్మకథ ‘వి టూ టుగెదర్’ వెలువడినది. ఒక అధ్యాయం ఆయనది, ఒకటి ఆమెది అన్నట్లు రెండు కంఠాలు ఒకే కథను చెబుతవి. డబ్లిన్ నాటకాల తగాదాలూ, మదనపల్లె వేపచెట్ల నీడలూ ఒకే అట్టల మధ్య దొరికే పుస్తకం లోకంలో ఇదొక్కటే కావచ్చు.

ఈ గాథనంతా నేడు మనం ఇట్లా పేర్చుకొనగలుగుతున్నామంటే అందుకు కారణం కాగితాలు నిలవడం. పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమంవారు 1973లో ప్రత్యేకంగా పత్రభాండారం నెలకొల్పినారు. వ్రాతప్రతులు, టైపుప్రతులు, ఆర్యసంచికల మీద కర్త చేసిన దిద్దుబాట్లు, చిన్న చీటీలు, వేలకొలది ఉత్తరాలు అక్కడ వరుసగా పెట్టి, ఒక్కొక్క ప్రతినీ ఇంకొకదానితో పోల్చి పాఠం నిర్ణయిస్తారు. ఉష్ణమూ, తేమా, సముద్రపుగాలీ కలిసిన ఆ పట్టణంలో కాగితం బ్రతికించడం చిన్నపని కాదు. భావికవిత్వాన్ని శ్రీ అరవిందులు పూర్తిగా సంస్కరింపదలచి, కొన్ని అధ్యాయాలను దిద్ది, ముగింపలేకపోయినారు. ఆ దిద్దుబాట్లు కలిసిన పాఠం చాలాకాలానికి గాని వెలువడలేదు. పాత మాసపత్రికలోని ఒక సమీక్షకు ఇంత శ్రద్ధ!

మనవైపు చూచుకొంటే గురజాడవిషయంలో కొంత అదృష్టం ఉన్నది. దినచర్యలు, ఉత్తరాలు, ‘కొండుభట్టీయం’, ‘బిల్హణీయం’ అసమగ్రప్రతులు మిగిలినవి. అవసరాల సూర్యారావువంటివారు పూనుకొని వెలుగులోనికి తెచ్చినారు. కన్యాశుల్కం 1897నాటి తొలికూర్పుకూ, 1909నాటి మలికూర్పుకూ నడుమ ఆ మహాకవి మనస్సు ఎట్లా మారినదో లేఖలు చదివినవారికే తెలుస్తుంది. ఇటువంటి అదృష్టం పట్టని నాటకకర్తలు మనలో ఎందరో! సురభి వంటి సమాజాల పాతప్రతులు, నటులు తమ వంతు మాటలు వ్రాసుకొన్న పుస్తకాలు, దర్శకులు అంచులమీద గీసికొన్న గుర్తులు, ఇవన్నీ నాటకసాహిత్యమే. అటకమీది పెట్టెలో ఉన్నంతవరకు అవి కాగితాలు. చెదలు తిన్న తర్వాత అవి జ్ఞాపకాలు కూడా కావు. మీలో ఎవరి ఇంటనైనా అట్టి పెట్టె ఉంటే, దాని మూత ఈ వేసవిలోనే ఒకసారి తీసి చూడండి.

ఇంకొక ముడి మిగిలినది. 1948లో ఆంధ్రవిశ్వవిద్యాలయం కట్టమంచి రామలింగారెడ్డి పేరిట నెలకొల్పిన జాతీయబహుమానాన్ని శ్రీ అరవిందులకు ఇచ్చినది. అప్పుడు ఉపాధ్యక్షులు రెడ్డిగారే. ఆయనా చిత్తూరు జిల్లావారే. కజిన్సు ఈ దేశానికి రాకముందు, 1914లోనే, ‘కవిత్వతత్త్వవిచారం’ వ్రాసి, కళాపూర్ణోదయాన్ని పొగడవలసినచోట పొగడి, తిట్టవలసినచోట తిట్టి, తెలుగు పండితలోకాన్ని కలవరపెట్టినవారు. కవిత్వమంటే ఏమన్న ప్రశ్నకు మూడేండ్ల ఎడంలో కట్టమంచి ఒక సమాధానం, మదనపల్లె ఒక సమాధానం, పుదుచ్చేరి ఒక సమాధానం వ్రాసుకొన్నవి. ఈ మూడు ఊళ్ళూ ఒకదానికొకటి ఒక పగటి ప్రయాణంలోపు దూరంలోనివి. ముగ్గురి పుస్తకాలనూ కలిపి పరిశీలించే గ్రంథం తెలుగులో రావలసినది.

శ్రీ అరవిందులు 1950 డిసెంబరు 5న నిర్యాణం చెందినారు. మూడేండ్లకు, 1953లో, భావికవిత్వం మొదటిసారి పుస్తకరూపంలో వచ్చినది. అప్పటికి కజిన్సుకు ఎనుబదవ యేడు. సమీక్ష గ్రంథమైనా దాని ఆరంభాన్ని ఎవరూ మార్చలేదు. తొలి అధ్యాయం తెరవగానే, మొదటి పుటలోనే, ఆ ఐరిష్ నాటకకర్త పేరూ, మదరాసులో అచ్చైన ఆయన పుస్తకం పేరూ కనబడుతవి.